టన్ను బరువున్న మూత

2017 ఆగస్టు 31న శ్రీహరికోట నుంచి లేచిన పీఎస్ఎల్వీ-సీ39 విఫలమైనప్పుడు మా క్యాంటీన్లో ఓ మిత్రుడు అన్నమాట నాకింకా గుర్తుంది. "ఇంజన్లన్నీ బాగానే మండాయంట, పైన మూత ఊడలేదంట. అంతమాత్రానికే కక్ష్య తప్పిపోవడమేంట్రా బాబూ? మూతతో సహా తీసుకెళ్ళొచ్చుగా!" పక్కనున్న నలుగురూ తలూపారు. నలుగురూ ఇంజనీర్లే. దీనికి జవాబు చెప్పాలంటే రాకెట్ ఎలా ఎగురుతుందో మొదట్నుంచీ చెప్పుకోవాలి.

రాకెట్ తన మంటతో నేలనో గాలినో తన్ని పైకి లేస్తుందని చాలామంది అనుకుంటారు. 1920లో న్యూయార్క్ టైమ్స్ కూడా అలాగే అనుకుని, గాలిలేని చోట రాకెట్ ఎలా పనిచేస్తుందంటూ రాబర్ట్ గాడర్డ్‌ని సంపాదకీయంలో ఎగతాళి చేసింది. 1969 జూలై 17న, అపోలో 11 చంద్రుడి దారిలో ఉండగా, సవరణ వేసుకుంది. 49 ఏళ్ళు పట్టింది :)

అసలు సంగతి తేలికే. చక్రాల కుర్చీలో కాళ్ళు పైకెత్తి కూర్చుని, బరువైన బ్యాగుని ముందుకి గట్టిగా విసరండి. కుర్చీ వెనక్కి జరుగుతుంది. ఆ బ్యాగు వెళ్ళి గోడకి తగిలిందా లేదా అన్నదానితో కుర్చీకి పనిలేదు. మీరు బ్యాగుని నెట్టినప్పుడే అది మిమ్మల్ని నెట్టేసింది. రాకెట్ విసిరేది మండిన వాయువుని, సెకనుకి రెండున్నర, మూడు కిలోమీటర్ల వేగంతో. గాలి లేకపోతే దానికింకా హాయి.

మన పాఠం న్యూటన్ మూడో సూత్రం దగ్గర ఆగిపోతుంది. కష్టం ఆ తర్వాతే మొదలు. విసరాల్సిన సరుకంతా రాకెట్టే మోసుకెళ్ళాలి. ఆఖర్న మండే ఇంధనాన్ని అందాకా మొయ్యడానికి ఇంకొంత ఇంధనం, దాన్ని మొయ్యడానికి మరికొంత. ఈ లెక్కని రష్యాలో బడిపంతులుగా పనిచేసిన సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించాడు. వాయువు వేగం సెకనుకి 3 కి.మీ. అనుకుందాం. రాకెట్ కూడా 3 కి.మీ. వేగం అందుకోవాలంటే, బయల్దేరినప్పటి బరువు చివర మిగిలే బరువుకి 2.7 రెట్లుండాలి. 6 కి.మీ.కి 7.4 రెట్లు. 9 కి.మీ.కి 20 రెట్లు. వేగం కూడికలో పెరిగితే బరువు గుణకారంలో పెరుగుతుందన్నమాట.

భూమికి దగ్గర్లో తిరగడానికే సెకనుకి దాదాపు 7.8 కి.మీ. వేగం కావాలి. గురుత్వాకర్షణకీ గాలికీ పోయేది కలిపితే 9 దాటుతుంది. అంటే నూటికి 95 పాళ్ళు ఇంధనమే. మిగతా ఐదులోనే ట్యాంకులు, ఇంజన్లు, శాటిలైట్ అన్నీ సర్దుకోవాలి. అందుకే ఏ దశ ఖాళీ అయితే దాన్ని వదిలించుకుంటూ పోతారు.

ఇప్పుడు మూత సంగతి. దాని పేరు హీట్ షీల్డ్. దట్టమైన గాలిలోంచి దూసుకెళ్ళేటప్పుడు శాటిలైట్‌ని కాపాడుతుంది. వంద కిలోమీటర్లు దాటాక అది దండగ బరువు. సీ39 మొత్తం బరువు సుమారు 320 టన్నులు, మూత టన్నుకి కాస్త ఎక్కువ. 320లో ఒకటేగా అనిపిస్తుంది. కానీ ఆ టన్నుని నాలుగో దశ కూడా మొయ్యాల్సి వచ్చింది. ఆ దశలో ఉన్న ఇంధనమే రెండున్నర టన్నులు. శాటిలైట్ 1,425 కిలోలు. అక్కడ టన్ను అంటే దాదాపు ఇంకో శాటిలైట్! కావల్సిన వేగం రాలేదు. కక్ష్య దూరపు కొస 20,650 కి.మీ. ఎత్తులో ఉండాల్సింది, 6,500 దగ్గరే ఆగింది. శాటిలైట్ మూతలో ఇరుక్కుపోవడం ఒక నష్టం, ఇది రెండోది.

మన సాఫ్ట్‌వేర్‌లో వాడని లైబ్రరీని ఎవరూ పీకెయ్యరు. "ఉంటే ఏం పోయింది?" అంటారు. మెమరీ చవక మరి. ఆ అలవాటుతో చూస్తే "మూతే కదా" అనిపించడం సహజం. రాకెట్ విద్యలో సగం మండించడమైతే, సగం వదిలించుకోవడం. సీ39 మొదటిదాంట్లో పాసయ్యింది, రెండోదాంట్లో ఒక్కచోట తప్పింది. 2018 ఏప్రిల్ 12న సీ41 మీద వెళ్ళిన ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఐ మాత్రం చక్కగా కక్ష్యలోకి చేరింది.

నా మటుకు నాకు, మూడో సూత్రం చెప్పిన రోజే పిల్లలకి ఆ 2.7, 7.4, 20 కూడా చెప్పాలనిపిస్తుంది. సూత్రం వింటే రాకెట్ ఎలా లేస్తుందో తెలుస్తుంది. ఆ అంకెలు చూస్తే, అక్కడ పనిచేసేవాళ్ళు ఒక్కో కిలో దగ్గర ఎందుకంత తన్నుకులాడతారో తెలుస్తుంది. ఏమంటారు?