యాంటెన్నా పట్టుకున్నవాడు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు చదువు గురించో, లక్ష్యాల గురించో రాద్దామనుకున్నాం. తీరా కూర్చుంటే టీవీ గదే కళ్ల ముందుకొచ్చింది. 2015లో మాతోపాటు ఎనిమిదో తరగతి చదివిన వాళ్లకు ఆ గది సంగతి చెప్పనక్కర్లేదు. ఇది ఇప్పటి తమ్ముళ్ల కోసం.

చెక్కపెట్టెలో తాళం వేసిన డబ్బా టీవీ అది. బిల్లు కట్టలేదని కేబుల్ వైరు కత్తిరించుకుపోయారు. మిద్దె మీది యాంటెన్నాను కోతులు ఎప్పుడో విరిచేశాయి. ప్రపంచ కప్ వస్తోందని కాస్మెటిక్ చార్జీల్లోంచి తలా అయిదు రూపాయలు వేసుకుని, బజారు నుంచి రెండు పుల్లల ఇండోర్ యాంటెన్నా తెచ్చాం. ఊళ్లో దూరదర్శన్ రిలే టవర్ ఉండేది కాబట్టి డీడీ నేషనల్ ఒక్కటీ పైసా ఖర్చు లేకుండా వచ్చేది. రావడమంటే చీమలు పారుతున్న తెరలో మనుషులు కదలడం. పుల్లకు అన్నం ప్లేటు తగిలించాం, వైరును కిటికీ ఊచకు చుట్టాం. చూసే అన్నలకు అదో సర్కస్.

ఒకరోజు ఆరో తరగతి పిల్లవాడొకడు ఊరికే పుల్లను ముట్టుకున్నాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. ఇక వాడి పేరు యాంటెన్నా. మ్యాచ్ ఉన్నప్పుడల్లా టీవీ వెనక నిలబడి పుల్ల పట్టుకోవడం వాడి పని. స్కోరు మా కేకల్ని బట్టి తెలుసుకునేవాడు.

మార్చి 26న సిడ్నీలో ఆస్ట్రేలియాతో సెమీఫైనల్. ఒంటిపూట బడి వదలగానే కంచాలు పట్టుకుని పరుగెత్తాం. మనవాళ్లు 329 కొట్టాలి. కోహ్లి ఒక్క పరుగుకే పోయాడు. ధోనీ ఒక్కడే నిలబడ్డాడు. వెనక వాడూ నిలబడే ఉన్నాడు, అన్నం కూడా తినకుండా. 'జర చెయ్యి గుంజుతుందన్నా' అని రెండుసార్లు అన్నాడు. 'కదలకురా' అన్నాం. ధోనీ 65 మీద ఉన్నప్పుడు వాడు ఆగలేక ముందుకొచ్చి తొంగిచూశాడు. తెరంతా చీమలు. మళ్లీ బొమ్మ వచ్చేసరికి ధోనీ పెవిలియన్‌కు నడుస్తున్నాడు. రనౌట్. మాలో ఒకడు వాడి నెత్తిన మొట్టాడు. ఎవడని అడగకండి, మిగతావాళ్లం ఆపలేదు. 95 పరుగులతో ఓడిపోయాం. ఆ ఓటమి కూడా వాడి ఖాతాలోనే వేశాం.

ఎండాకాలం సెలవుల తర్వాత వాడు రాలేదు. అమ్మానాన్నలతో ఇటుక బట్టీలకు పోయాడని వాళ్ల ఊరివాళ్లు చెప్పారు. మా ఇళ్లల్లోనూ అలా పోయినవాళ్లున్నారు కనుక ఎవరం పెద్దగా ఆశ్చర్యపోలేదు. యాంటెన్నా పట్టుకోవడానికి ఇంకొకణ్ణి వెతుక్కున్నాం.

ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో డైపోల్ పాఠం చదివినప్పుడు గాని అసలు సంగతి తెలియలేదు. 200 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం మీటరున్నర. ఒక్కో పుల్ల అందులో నాలుగో వంతు, అంటే సుమారు 37 సెంటీమీటర్లు ఉంటే చాలు. పొడుగైతే బొమ్మ బాగొస్తుందని మేము చివరిదాకా లాగి, నిటారుగా నిలబెట్టేవాళ్లం. పుల్లల్ని కురచ చేసి, పడుకోబెట్టి, టవరుకు అడ్డంగా తిప్పి ఉండాల్సింది. మనిషి ఒళ్లు కూడా కరెంటును పారనిస్తుంది కాబట్టి, మా తప్పును వాడి ఒళ్లు కొంత సరిచేసింది. సరిగ్గా పెట్టుకుని ఉంటే వాడు కూడా మా పక్కన కూర్చుని అన్నం తింటూ చూసేవాడేమో. ఆ రోజు క్లాసులో నోట్సు సరిగా రాసుకోలేకపోయాం.

ఇప్పుడా టవర్ నుంచి ప్రసారం లేదు. అలాంటి పాత అనలాగ్ కేంద్రాలను 2022 నాటికి దేశమంతా దాదాపుగా మూసేశారు.

పోయిన దసరాకు జడ్చర్ల బస్టాండులో వాడే మమ్మల్ని గుర్తుపట్టి పిలిచాడు. సెంట్రింగ్ పని చేస్తున్నాడట. చాయ్ తాగాం. మొట్టికాయ సంగతి ఎలా ఎత్తాలో తెలియక యాంటెన్నా లెక్క చెప్పాం. శ్రద్ధగా విన్నాడు. 'అయితే నేను వట్టిగనే నిలవడ్డనా అన్నా?' అన్నాడు. మాకు నోట మాట రాలేదు. వాడే మళ్లీ, 'గా దినం ధోనీ ఎట్ల రనౌటయిండు?' అనడిగాడు.

'మేం గూడ సూడలేదురా, నువ్వు చెయ్యి తీస్తివి గద' అన్నాం. పడీపడీ నవ్వాడు. వార్షికోత్సవానికి రమ్మని చెప్పాం. స్లాబు పని లేకుంటే వస్తానన్నాడు.