చార్లెస్ నది ఒడ్డున చదువుల పడవలు

బోస్టన్ వెళ్ళిన మనవాళ్ళు హార్వర్డ్ యూనివర్సిటీ చూడకుండా రారు. అక్కడ జాన్ హార్వర్డ్ విగ్రహం బూటు తాకితే అదృష్టం కలిసొస్తుందని ఓ నమ్మకం. అందరూ తాకీ తాకీ, తోమిన ఇత్తడి చెంబులా ఆ బూటు తళతళలాడుతోంది. నేనూ తాకాననుకోండి! కానీ ఆ కాలేజీలో సీట్ల సంగతి తెలియాలంటే ఇంకో పది నిముషాలు నడిచి నది ఒడ్డుకి వెళ్ళాలి.

మన కృష్ణా గోదావరుల ముందు ఆ చార్లెస్ నది పిల్లకాలువే. వంతెన పక్కనే ఎర్ర పెంకుల కప్పుతో పాతకాలపు బంగళాలా ఉంటుంది వెల్డ్ బోట్‌హౌస్. ఆడపిల్లల పడవలు అందులో, మగపిల్లలవి అవతలి ఒడ్డున న్యూవెల్ బోట్‌హౌస్‌లో పెడతారు. ఒకప్పుడు హార్వర్డ్‌లో ఆడపిల్లల్ని చేర్చుకునేవారు కాదు. వాళ్ళ కోసం పక్కనే ర్యాడ్‌క్లిఫ్ అని విడిగా కాలేజీ ఉండేది. తర్వాత రెండూ కలిసిపోయినా, ఆడపిల్లల పడవ జట్టు మాత్రం ఇప్పటికీ ర్యాడ్‌క్లిఫ్ పేరుతోనే పోటీకి దిగుతుంది. ఆ పట్టుదల నాకు భలే నచ్చింది.

నేను వెళ్ళింది అక్టోబరులో, మా తమ్ముడి ఇంటికి. 1965 నుంచి ఆ నెలలో హెడ్ ఆఫ్ ది చార్లెస్ అనే పడవ పందేలు జరుగుతున్నాయి. పదకొండో క్లాసు చదువుతున్న మా మేనకోడలు కూడా ఓ క్లబ్బు తరఫున తెడ్డు వేస్తోంది. పడవకి ఎనిమిది మంది. అందరూ వెనక్కి తిరిగి కూర్చుంటారు. వెళ్ళే దారి చూసి చెప్పేది తొమ్మిదో పిల్ల ఒక్కతే. ఈ పందెంలో పడవలన్నీ ఒకేసారి బయలుదేరవు. ఒకదాని వెనక ఒకటి వదిలి, ఎవరికెంత టైము పట్టిందో లెక్కేస్తారు. మా మరదలు తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి డబ్బాలకెత్తింది. తెల్లపిల్లలు కూడా చెంచాలతో గీకి మరీ తిన్నారు.

"ఈ ఎముకలు కొరికే చలిలో ఇంత తాపత్రయం దేనికే?" అన్నాను. "సీటు కోసం వదినా!" అంది మరదలు.

మన స్పోర్ట్స్ కోటాలాగా ర్యాంకు వచ్చాక సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్ళడం కాదట. పదో క్లాసు అయిన వేసవి నుంచే అక్కడి కాలేజీ కోచ్‌లు పిల్లలతో మాట్లాడచ్చు. తనకి కావలసినవాళ్ళ పేర్లు కోచ్ అడ్మిషన్ ఆఫీసుకి ఇస్తాడు. మార్కులూ బాగుండాలి, అది వేరే సంగతి. ఆఫీసువాళ్ళు సరే అంటే, సీటు ఇంచుమించు ఖాయమని ముందే ఉత్తరం వస్తుంది. హార్వర్డ్‌లాంటి ఎనిమిది ఐవీ లీగ్ కాలేజీల్లో ఆటకని స్కాలర్‌షిప్ పైసా ఇవ్వరు. ఇంటి ఆదాయాన్ని బట్టే సహాయం. అయినా అందరూ ఎగబడేది ఆ ఒక్క సీటు కోసమే.

ఎందుకంటే 2018లో హార్వర్డ్ అడ్మిషన్ల మీద బోస్టన్ కోర్టులో కేసు విచారణకొచ్చినప్పుడు లెక్కలు బయటపడ్డాయి. ఆరేళ్ళ దరఖాస్తులు చూస్తే, కోచ్‌లు ఎంచుకున్న ఆటగాళ్ళలో నూటికి 86 మందికి సీట్లొచ్చాయి. ఏ అండా లేని మామూలు పిల్లల్లో నూటికి ఐదారుగురికే! ఆసియా పిల్లలకి అన్యాయం జరుగుతోందని వేసిన కేసది. 2023లో సుప్రీంకోర్టు జాతిని చూసి సీట్లివ్వడం కూడదంది. ఆటల దారి మాత్రం అలాగే ఉంది.

ఆ ఆటలైనా ఏమిటి? హార్వర్డ్‌లో 42 జట్లున్నాయి. బాస్కెట్‌బాల్ అంటే ఏ వీధిలోనైనా ఆడచ్చు. రోయింగ్, సెయిలింగ్, స్క్వాష్, కత్తియుద్ధం బీదపిల్లలకి ఎక్కడ దొరుకుతాయి చెప్పండి? క్లబ్బు ఫీజు, ప్రయాణాలు కలిపి ఏడాదికి వేల డాలర్లవుతున్నాయని మా తమ్ముడే గొణుగుతుంటాడు. కొందరు ఆ కష్టం కూడా పడలేదు. 2019లో బయటపడిన కుంభకోణంలో ఓ పేరున్న నటి, ఆవిడ భర్త ఐదు లక్షల డాలర్లు ఖర్చుపెట్టారు. పడవ పోటీల ముఖమే చూడని కూతుళ్ళని రోయింగ్ మిషన్ మీద కూర్చోబెట్టి ఫొటోలు తీయించి, యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో సీట్లు సంపాదించారు. 2020లో ఆవిడకి రెండు నెలలు, ఆయనకి ఐదు నెలలు జైలుశిక్ష పడింది. మధ్యవర్తికి 2023లో మూడున్నరేళ్ళు వేశారు.

మా పిల్లది దొంగ ఫొటో కాదు. అరచేతులు చూస్తే నా కడుపు తరుక్కుపోయింది. బొబ్బలు పగిలి, కాయలు కాసి ఉన్నాయి. అదే మిషన్ మీద రెండువేల మీటర్లు ఏడు నిముషాల నలభై సెకన్లలో లాగుతోంది. ఇంకో పదిహేను సెకన్లు తగ్గితేగానీ పెద్ద కాలేజీల కోచ్‌లు చూడరట. ఆ పదిహేను సెకన్ల కోసం ఇల్లంతా ఊపిరి బిగబట్టినట్టుంది. మరదలైతే పొయ్యిమీద కూర మాడుతున్నా ఫోనులో మెయిలే చూస్తుంది.

ఓ రాత్రి దాని తలకి నూనె రాస్తూ, "వాళ్ళు పిలవకపోతే మానేస్తావా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "తెలీదత్తా. పొద్దున్నే నది మీద ఎలా ఉంటుందో నువ్వు చూళ్ళేదుగా" అంది. మర్నాడు చీకటితో లేచి దాంతో వెళ్ళాను. నీళ్ళ మీద తెల్లగా పొగమంచు, ఒడ్డున ఎర్రబడ్డ చెట్లు, ఎనిమిది తెడ్లు ఒక్కసారే నీళ్ళలో పడిన చప్పుడు. పడవ వంతెన కిందికి వెళ్ళిపోయేదాకా చూస్తూ నిలబడిపోయాను.

నేను తిరిగొచ్చేనాటికి పెద్ద కాలేజీలనుంచి ఏ కబురూ లేదు. ఓ చిన్న కాలేజీ కోచ్ మాత్రం రాశాడు. ఇంట్లో ఇంకా తర్జనభర్జనలు పడుతున్నారు.

మీలో ఎవరైనా పిల్లల దగ్గరికి వెళితే అక్టోబరులో వెళ్ళండి. రెడ్ లైన్ రైల్లో హార్వర్డ్ స్టేషన్‌లో దిగితే నది దగ్గరే. వంతెన మీదనుంచి పందేలు చూడటానికి టిక్కెట్టు లేదు. చీర మీదికి మందపాటి కోటు, కాళ్ళకి మేజోళ్ళు మాత్రం మరచిపోకండి.