నీటి దోషం, మనిషిపై నింద

సూర్యాపేటలో మేము బోధించే మదరసాలో, ఫజ్ర్ నమాజుకు లేచే పిల్లల వుజూ కోసం ఒక గీజరు ఉంది. గత చలికాలంలో దాని కాయిల్ కాలిపోతే ఒక యువ మెకానిక్ వచ్చి కొత్తది వేసి వెళ్లాడు. రెండు నెలలు తిరగకముందే ఆ కొత్తది కూడా కాలిపోయింది. మేము అతణ్ణి పిలిపించి, ఇషా నమాజు ముగించుకొని వెళ్తున్న నలుగురి ఎదుట, గేటు వద్దే నిలదీశాము. "నకిలీ సరుకు వేసి అసలు ధర తీసుకున్నావు. ఇది మదరసా సొమ్ము, మా వద్ద ఉన్న అమానతు" అన్నాము. "మౌల్వీ సాబ్, కాయిల్ మంచిదే. మీ బోరు నీళ్లతోనే వచ్చింది చిక్కంతా" అని అతడు రెండుసార్లు చెప్పాడు. మేము వినలేదు.

మరొక మెకానిక్‌ను పిలిపించాము. అతడు కరెంటు ఆపి, నీరు వదిలేసి, గీజరును మా కళ్లెదుటే విప్పాడు. కాయిల్ కనబడలేదు. దాని చుట్టూ బొటనవేలి మందాన తెల్లని రాయి పేరుకొని ఉంది. అడుగున సున్నపు పెచ్చులు గుట్టగా పడి ఉన్నాయి. "లోపల శుభ్రం చేయకుండా కొత్త కాయిల్ వేస్తే ఎన్నాళ్లు ఉంటుంది?" అన్నాడు. అప్పుడు మాకు గుర్తొచ్చింది. ట్యాంకు కూడా శుభ్రం చేస్తానని మొదటి మెకానిక్ అడిగాడు. అదనపు ఖర్చెందుకని వద్దన్నది మేమే.

ఆ రాయి ఎక్కడిదో తెలుసుకోవాలంటే మన నేలను చూడాలి. మిర్యాలగూడకు దక్షిణాన వాడపల్లి, కోదాడ పక్కన హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మట్టపల్లి ప్రాంతాలలో సిమెంటు కర్మాగారాలు వెలసింది అక్కడి సున్నపురాయి వల్లనే. వాన నీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిపాటి ఆమ్లమవుతుంది. అది సున్నపురాయిని కరిగించుకుంటూ బోరులోకి చేరుతుంది. సున్నపురాయి లేని చోట కూడా లోతైన బోర్లలో నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి లవణాలను కూడగట్టుకుంటుంది. ఇందులో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే దానినే కఠిన జలం అంటారు. మన ఇళ్లలో ఖారా పానీ అంటాము. నీటిని వేడి చేయగానే కలిసిన వాయువు ఎగిరిపోతుంది, కరిగిన సున్నం మళ్లీ రాయిగా మారుతుంది. ఆ రాతి పొర వేడిని నీటికి చేరనివ్వదు. కరెంటు వృథా అవుతుంది. వేడి లోలోపలే పెరిగి కాయిల్ కాలిపోతుంది.

"మాకు నల్లా నీళ్లే వస్తాయి కదా" అని పాఠకులు అనవచ్చు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక కృష్ణమ్మ మన ప్రాంతానికి చేరింది. 2016 ఆగస్టులో ప్రారంభమైన మిషన్ భగీరథ నది నీటిని ఇంటి నల్లా దాకా తెచ్చింది. నది నీరు సాధారణంగా బోరు నీటికన్నా మెత్తన. అయితే చాలా ఇళ్లలో ఆ నీటిని బిందెలలో తాగడానికి పట్టుకొని, డాబాపై ట్యాంకును మాత్రం బోరుతో నింపుతారు. గీజరుకూ వాషింగ్ మెషీన్‌కూ పోయేది ట్యాంకు నీరే. మా మదరసాలోనూ అంతే.

ఈ నీరు యంత్రాలనే కాదు, మనసులనూ పాడు చేయగలదు. మిర్యాలగూడలో సాగర్ నీటితో పెరిగిన మా అన్నగారి కుమార్తెను కోదాడలో బోరు నీటి ఇంటికి ఇచ్చాము. బట్టలు తెల్లగా రావని, సబ్బు ఊరికే అరగదీస్తుందని, కందిపప్పు కూడా ఉడికించడం రాదని అత్తగారి ఫిర్యాదు. ఆ అమ్మాయి తల్లికి ఫోను చేసి ఏడ్చేది. కఠిన జలంలో సబ్బు మొదట కాల్షియంతో కలిసి తెల్లని జిగురుగా మారి బట్టకు పట్టుకుంటుంది. ఆ తర్వాతే నురగ. పప్పు గింజను మెత్తబడకుండా పట్టి ఉంచేదీ ఆ కాల్షియమే. గీజరు విషయం తెలిశాక మేమే వెళ్లి ఆమెతో మాట్లాడాము. ఒక వారం పప్పును నల్లా నీటితో వండి చూడమన్నాము. పప్పు ఉడికింది, ఆమె కోడలిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

నీటిని పరీక్షించడం తేలిక. ఒక సీసాలో బోరు నీరు, మరొక దానిలో పట్టి ఉంచిన వాన నీరు సగం వరకు పోసి, రెండింటిలోనూ కొద్దిగా ఒంటి సబ్బు కలిపి ఊపండి. నురగ రాక విరిగిన పాలలా అయినది కఠిన జలం. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములకు మించరాదు. మరో ఆధారం లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. గీజరు వేడిని అవసరానికి మించి పెంచకండి. వేడి పెరిగేకొద్దీ పొర త్వరగా కడుతుంది. ఏటా చలికాలానికి ముందు మెకానిక్‌తో విప్పించి శుభ్రం చేయించండి. కెటిల్‌లో నీళ్లతో పాటు నిమ్మ ఉప్పు వేసి మరిగించి, కొంతసేపు ఉంచి కడిగితే పొర కరుగుతుంది. నిమ్మ ఉప్పును బ్లీచింగ్ పౌడర్‌తో ఎన్నడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

ఒక హెచ్చరిక. కఠినత్వం వేరు, ఫ్లోరైడ్ వేరు. మన నల్లగొండ పల్లెల ఎముకలను వంచింది ఫ్లోరైడ్. మరిగించినంత మాత్రాన అది పోదు. కాబట్టి తాగే బోరు నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి.

ఖారా నీటితో వుజూ అవుతుందా అని పిల్లలు అడిగారు. నిస్సందేహంగా అవుతుంది. సముద్రపు నీరు సైతం శుద్ధి చేసేదేనని దైవప్రవక్త (స) బోధించారు. ఆయన ఒక ముద్ద్, అంటే లీటరుకు లోపు నీటితో వుజూ ముగించేవారని హదీసులలో ఉంది. మా పిల్లలు వేడి నీటి నల్లా తిప్పి అలాగే వదిలేసేవారు. గీజరులోకి ఎంత నీరు పోతే అంత రాయి పేరుకుంటుంది. ఇప్పుడు మగ్గులతో వుజూ చేస్తున్నారు.

ఇక మిగిలింది ఆ యువకుడి సంగతి. దుకాణానికి వెళ్లి క్షమించమన్నాము. అతడు పని ఆపకుండానే, "మీరు నలుగురిలో అన్నారు మౌల్వీ సాబ్. ఆ వీధిలో రెండిళ్ల వాళ్లు నన్ను పిలవడం మానేశారు" అన్నాడు. మా వద్ద జవాబు లేదు. అనుమానాలకు దూరంగా ఉండాలన్న హుజురాత్ సూరాను ఏటా పిల్లలకు బోధించేది మేమే.

ఆ రాత్రి ఇషా తర్వాత అదే గేటు వద్ద నిలబడి, దోషం నీటిదని, నింద మాదని అందరికీ చెప్పాము. గీజరులోంచి తీసిన పెచ్చులను చూపించాము. మరునాడు ఆ రెండిళ్లకూ స్వయంగా వెళ్లి చెప్పి వచ్చాము. ఒక ఇంటివారు అతణ్ణి మళ్లీ పిలిచారు. రెండో ఇంటివారు ఇంకా పిలవలేదు. మేము అడుగుతూనే ఉన్నాము.