దాదీ అందాజ్, పోతీ చెంచా

మొన్న ఇత్వార్ నాడు మా బేటీ రావియోలీ చేద్దామంది. ఇటలీ వంట. 100 గ్రాముల మైదాకి ఒక గుడ్డు. కలిపిన పిండిని అరగంట ఉంచి, పల్చగా ఒత్తి, మధ్యలో ఖీమా పెట్టి, ఇంకో పొర కప్పి చదరంగా కోయాలి. మరిగే ఉప్పునీళ్లలో వేయాలి.

"యే తో అప్నీచ్ లుఖ్మీ హై! నూనెకి బదులు నీళ్లు" అంది అమ్మీ. ఖీమా తనే వండింది. తడి ఉంటే అంచులు విడిపోతాయని నీరంతా ఇగిరేదాకా వేయించింది. మసాలా ఎంతంటే "అందాజ్" అంది. బేటీ వదల్లేదు. దాదీ చేతిలోది చెంచాతో కొలిచి మరీ రాసుకుంది.

ఆ కాగితం చూశాను. అద్రక్, లసన్, పుదీనా: లఫ్జ్‌లు అమ్మీవి, అక్షరాలు తెలుగువి. నా పిల్లలకు అలిఫ్ బే రాదు. అమ్మీకి అ ఆలు రావు. అమ్మీ వంటలు రాసుకున్న ఉర్దూ కాపీ ఒకటి అల్మారాలో ఉంది. నా తర్వాత ఈ ఇంట్లో దాన్ని చదివేవాళ్లు లేరు.

అందుకే ఒక ఫైసలా చేసుకున్నాం. ప్రతి ఇత్వార్ ఒక వంట. నేను చదువుతాను, అమ్మీ సరిచేస్తుంది, బేటీ తెలుగులో రాస్తుంది. ఇన్షా అల్లాహ్, వచ్చే వారం లుఖ్మీ. మీ ఇంట్లోనూ అలాంటి కాపీ ఉంటే, చదివేవాళ్లు ఉండగానే తీయండి.