ఈ పిడక నాదే!

ఏవండోయ్ వదినగారూ! ఒక్కసారి గోడ దగ్గరికి రండి. పొయ్యి మీద పాలున్నాయంటారా? మంట తగ్గించి రండి. నెల పట్టి వారం దాటింది. మీ ఇంట్లో మూడేళ్ళ మనవరాలు గజ్జెలు మోగిస్తూ తిరుగుతోంది. అయినా మీ డాబా మీద ఒక్క పిడకైనా ఎండటం లేదేమిటండీ? ఇదేం బాగాలేదు. మధ్యలో గోడుంది కాబట్టి ఊరుకున్నాను!

భోగిమంటలో వేసే పిడకల దండ సంగతే నేననేది. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలు. భోగి జనవరి 13నో 14నో. అంటే మధ్యలో దాదాపు నెల రోజులు. ఆవుపేడ ఓ చిన్న ముద్ద తీసి పిల్ల అరచేతిలో పెట్టండి. మొదట ముక్కు మూసుకుంటుంది. ‘ఛీ’ అంటుంది. మీరేం మాట్లాడకండి. మీరొకటి తట్టి, నడిమధ్య వేలితో చిల్లు పొడిచి, గారెలా పక్కన పెట్టండి. అంతే! గారెలాట కనబడ్డాక ఏ పిల్ల ఊరుకుంటుంది? రెండు నిమిషాల్లో మోచేతుల దాకా పేడే.

చిల్లు మాత్రం పిల్లల వేలితోనే పెట్టించండి. మనం పెడితే తాడు సులువుగా దూరుతుంది, నిజమే. కానీ ఆ బుల్లి చిల్లులో పురికొస దూర్చడానికి ఇంటిల్లిపాదీ కుస్తీ పట్టడంలో ఉంది మజా అంతా. మొన్న మా నాలుగేళ్ళవాడు ఒకటి గుండ్రంగా తట్టాడు, ఒకటి చేపలా తట్టాడు. మూడోది ఏమిటో అర్థం కాలేదు. ‘‘అదేమిట్రా?’’ అంటే ‘‘మన కుక్క పడుకుంది’’ అన్నాడు. దగ్గరికెళ్ళి చూద్దును కదా, పడుకున్న కుక్కే! తోక కూడా ఉంది.

బజార్లో దండలు కట్టి మరీ అమ్ముతున్నారుగా అంటారా? అమ్ముతున్నారు. ఆన్‌లైన్లోనూ వస్తున్నాయి. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి ఆ దారి ఉండనే ఉంది, పాపం వాళ్ళేం చేస్తారు? మీ వీధి చివర నాలుగు ఆవులుండగా మీకేం లోటు వదినా?

సరే, పిడకలు ఎండుతుంటాయి. ఈలోగా వేషాలు కడదాం.

మా వీధికి ఇప్పటికీ పొద్దున్నే హరిదాసు వస్తాడు. నెత్తిన గుమ్మడిపండులాంటి అక్షయపాత్ర, చేతిలో చిడతలు, భుజాన తంబురా, కాళ్ళకు గజ్జెలు. పిల్లలు దోసిట్లో బియ్యం పట్టుకుని పరిగెత్తుకొస్తే, పాత్ర కింద పెట్టడు కదా, తానే మోకాలి మీద వంగుతాడు. ఆ వంగడం చూసి మావాడు మురిసిపోయాడు. అంత పెద్దాయన వాడి కోసం వంగాడాయె! ఆ పూట నుంచి వాడికి హరిదాసు వేషం కావాలి.

వేషానికి ఎంత సేపండీ? తాతగారి కండువా పంచె అయింది. చెంబుకి పసుపురంగు కాగితం చుట్టి, మెత్తటి చుట్టకుదురు మీద కూచోబెట్టాం. నుదుట చందనం నామం, మధ్యలో కుంకుమ గీత. మెళ్ళో బంతిపూల దండ. తంబురా కావాలిగా? ఓ గుండ్రటి ఆనపకాయకి కర్ర కట్టాం. నవ్వకండి! తంబురా బుర్రలు ఎండిన కాయలతో చెయ్యడం ఎప్పటినుంచో ఉన్నదే. మావాడి తంబురా ఇంకా పచ్చిగా ఉంది, అంతే తేడా. సాయంత్రానికి దాన్ని పులుసులో వేసుకున్నాం.

ఇక ఇల్లిల్లూ తిరగడమే. మొదటి ఇల్లు వంటగది. రెండో ఇల్లు తాతగారి మంచం. మూడో ఇల్లు పెరడు. అక్కడ ఏడాదిన్నర చెల్లెలు పిడికెడు బియ్యంతో నిలబడి ఉంది. మా హరిదాసుగారు అచ్చం ఆయనలాగే మోకాలి మీద వంగారు. చెంబు కాస్తా ముందుకు ఒరిగింది. బియ్యమంతా చెల్లెలి నెత్తిన! భోగిపళ్ళు మూడు వారాల ముందే అయిపోయాయి. అదేమో ఏడవలేదు. ‘మళ్ళీ’ అంది. ఆ పూటంతా అదే పని.

పిల్లల వేషాలకి ఓ రెండు మాటలు చెబుతాను, గుర్తుంచుకోండి. పిన్నీసుల జోలికి పోకండి, నాడాతో కట్టండి. జరీ గుచ్చుకుంటుంది, లోపల పాత నూలు చొక్కా వెయ్యండి. ఫోటోల కోసం అరగంట నిలబెట్టకండి. వేషం వేసింది ఫోటోకి కాదు, తిరగడానికి. మీసం కాటుకతో దిద్దండి. అది ఎలాగూ చెంపల దాకా పాకుతుంది. పాకనివ్వండి. పాకిన మీసం ఎంత ముద్దుగా ఉంటుందనీ!

గొబ్బెమ్మల దగ్గర మీ మనవరాలికి పూలపని అప్పగించండి. మీరు పేడముద్ద చేసి, పసుపూ కుంకుమా పెట్టి ఇస్తే, గుమ్మడిపువ్వు అది గుచ్చుతుంది. తలకిందులుగా గుచ్చుతుంది, చూస్తూ ఉండండి. మా చిన్నదైతే గొబ్బెమ్మ కనబడకుండా పదకొండు బంతిపూలు కూరింది. అంత ముస్తాబైన గొబ్బెమ్మ ఊళ్ళో మరొకటి లేదు!

అవునూ, బొమ్మల కొలువు మాటేమిటి? మీ పుట్టింటివాళ్ళు దసరాకి పెడతారు, మేం సంక్రాంతికి పెడతాం. ఆ తగువు ముప్ఫై ఏళ్ళుగా తెమల్లేదు, ఇప్పుడు వద్దు. మెట్లు మూడో, అయిదో, ఏడో, బేసిగా ఉంటే చాలు. పై మెట్టు దేవుళ్ళది. కింది మెట్టు పిల్లలది. అది వాళ్ళకి రాసిచ్చెయ్యండి.

మా పై మెట్టు మీద కొండపల్లి దశావతారాలు. తెల్లపొణికి కర్ర చెక్కి, రంపపు పొట్టూ చింతగింజల పొడీ కలిపిన మక్కుతో చేతులూ కాళ్ళూ అతికిస్తారు. ఎంత తేలికో! పిల్లల చేతికిచ్చినా బరువనిపించదు. ఆ కిందే లక్కబొమ్మలు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిణె పట్టి, తిరుగుతుండగానే లక్క రంగు అద్దుతారు. ఆకులూ గింజలూ వేళ్ళ నుంచి తీసిన రంగులు కాబట్టే పసివాళ్ళు నోట్లో పెట్టుకున్నా మనకి బెంగ ఉండదు. ఆ రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు కూడా. ఆ లక్కబొమ్మల్లో బొంగరం ఒక్కటి తిప్పి వదిలారంటే పిల్లలు గంటసేపు నేల మీద బోర్లా పడుకుంటారు.

ఇక కింది మెట్టు. అక్కడో ఊరు కట్టాలి. భోగికి వారం ముందే వెడల్పాటి పళ్ళెంలో తడిమట్టి పోసి ఆవాలూ మెంతులూ చల్లించండి. పండగనాటికి పచ్చటి చేను సిద్ధం. అద్దం ముక్క చెరువు. ఇసక గట్టు. అగ్గిపెట్టెల ఇళ్ళు. రోజూ లేవగానే మొక్క వచ్చిందా అని గిచ్చి చూస్తారు. గిచ్చితే వాడుతుందని చెప్పండి, మర్నాడు ఊది చూస్తారు. నిరుడు మావాడు ఆ చేలో ప్లాస్టిక్ డైనోసార్‌ని మేతకి తోలాడు. కొండపల్లి ఎద్దుబండి పక్కనే అది! పేరంటానికి వచ్చినవాళ్ళంతా ముందు దాన్నే చూశారు.

భోగి సాయంత్రం సంగతి మీకు చెప్పాలా? పట్టులంగాలు, పీట, హారతి. రేగిపళ్ళు, చెరకుముక్కలు, బంతిరేకులు, నానబెట్టిన శనగలు, చిల్లర డబ్బులు కలిపి తలమీద పోస్తే దిష్టి పోతుందంటారు. అమెరికాలో మా మేనకోడలు రేగిపళ్ళు దొరక్క క్రాన్‌బెర్రీలు పోసింది. అవీ ఎర్రగా, గుండ్రంగానే ఉన్నాయట. పీట మీది పిల్ల మాత్రం ఎక్కడైనా ఒకటే. దిష్టి సంగతి పెద్దాళ్ళకి వదిలేసి నాణేలు ఏరుకుంటుంది.

ఇక్కడితో అయిపోయిందనుకుంటున్నారు కదూ? లేదు. ఒక్క నిమిషం.

ఆ మనవరాలు పూలు గుచ్చిన గొబ్బెమ్మల్ని పారెయ్యకండి. పిడకలుగా తట్టి ఎండబెట్టించండి. మాఘమాసంలో రథసప్తమి వస్తుందిగా. ఆ పొద్దున తులసికోట దగ్గర, ఎండ పడేచోట, వాటినే పేర్చి పాలు పొంగించాలి. చిక్కుడుకాయలకి కొబ్బరి ఈనెలు గుచ్చి రథం చెయ్యాలి. అదీ పిల్లలే చెయ్యాలి. చక్రం వంకరపోతుంది, పోనివ్వండి, సూర్యుడు ఎక్కకుండా ఉంటాడా? పరమాన్నం చిక్కుడాకులో పెట్టాలి.

నిరుడు నేను పిడకలు పేరుస్తుంటే మావాడు పక్కనే గొంతుక్కూచుని ఉన్నాడు. ఒకదాన్ని చటుక్కున లాక్కున్నాడు. దాని మీద నాలుగు బుల్లి వేళ్ళ గుర్తులు, ఎండిపోయి, అలాగే ఉన్నాయి. తన వేళ్ళు వాటిలో పెట్టి చూసుకున్నాడు. ‘‘ఈ పిడక నాదే!’’ అని అరిచాడు. కాసేపు ఇవ్వనన్నాడు. తర్వాత వాడే తీసుకొచ్చి గిన్నె కింద పెట్టాడు. పాలు పొంగేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ పరమాన్నం వాడే వండాడని వీధంతా చాటింపు వేసొచ్చాడు. వాడు వండిందేగా మరి!

అయ్యో, మీ పాలు! పరిగెత్తండి. వచ్చేటప్పుడు ఆ పిల్లని ఇలా గోడ మీంచి అందించండి. మా ఇంట్లో పేడ కలిపి సిద్ధంగా ఉంది.