రంగంలో అమ్మ దండెం

వీపుకి సంచులు తగిలించుకుని రంగూన్ వెళ్తున్నాం అంటే ద్వారకా నగర్లో మా అపార్ట్‌మెంట్ వాళ్ళంతా నవ్వారు. 2018 మే నెల. నాకు అరవై రెండు, ఆయనకి అరవై ఆరు. ఈ వయసువాళ్ళు వేసవిలో కాశీకో, అమెరికాలో మనవల దగ్గరికో వెళ్తారు గాని, చక్రాల పెట్టె లేకుండా, ముందుగా హోటలు మాట్లాడుకోకుండా, బర్మా ఏమిటీ అన్నారు. పక్క ఫ్లాటావిడ మాత్రం “అక్కడేముందండీ?” అని నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. “మా ఇల్లు” అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. యాభై మూడేళ్ళుగా ఆ మాట పైకి అనలేదు నేను.

నేను పుట్టింది రంగూన్లో, పజండాంగ్ కాలువ దగ్గర, బియ్యం మిల్లుల వెనక. మా తాతలు రంగూన్ అనేవారు కాదు, ‘రంగం’ అనేవారు. ఉత్తరాంధ్ర నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కూలీలు ఓడలెక్కి వెళ్ళిన ఊరు అది. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళందర్నీ కొరంగీలనేవారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె తర్వాత జరిగిన అల్లర్లలో ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్ళలో ఎక్కువమంది మన కూలీలు. 1942లో జపాన్ సైన్యం వస్తుంటే అడవుల గుండా నడిచి వచ్చేసిన లక్షల మందిలోనూ మనవాళ్ళున్నారు. ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. దొరకనిది ఆడవాళ్ళ సంగతి. వెళ్ళినవాళ్ళలో ఆడవాళ్ళు తక్కువ కాబట్టి చరిత్రలో కూడా తక్కువే ఉండాలని కాబోలు!

మా అమ్మ పుట్టిందీ అక్కడే. యుద్ధంలో నడవలేక ఉండిపోయిన కుటుంబం వాళ్ళది. నాన్న మిల్లులో పని చేసేవాడు. అమ్మ కాళ్ళ మిషను మీద వీధిలో బర్మా ఆడవాళ్ళకి రవికలు కుట్టేది. తనూ వాళ్ళలాగే తమెయిన్ కట్టేది. తమెయిన్ అంటే ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే గుడ్డ, మన లుంగీ లాంటిది. దాని గురించి అక్కడొక నమ్మకం ఉంది. మగవాడిలో ‘ఫోన్’ అని ఒక తేజస్సు ఉంటుందట. ఆరేసిన తమెయిన్ కింద నుంచి నడిస్తే అది పోతుందట. అందుకే ఆడవాళ్ళ బట్టలు వెనకవైపు, కిందుగా ఆరేస్తారు. నాన్న తెలుగువాడే అయినా ఈ నమ్మకాన్ని బాగా వంటబట్టించుకున్నాడు. ఏ దేశం వెళ్ళినా మగవాళ్ళు ముందుగా నేర్చుకునేది ఇలాంటివే!

నాన్న తాగి వచ్చే రోజు అమ్మకి ఎలా తెలిసేదో తెలీదు. గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి తడి తమెయిన్ ఆరేసేది. ఆయన వాకిట్లో నిలబడి తిట్టేవాడు, బతిమాలేవాడు, చివరికి అక్కడే కూలబడి నిద్రపోయేవాడు. లోపల మేం ముగ్గురం పిల్లలం నోళ్ళు నొక్కుకుని నవ్వేవాళ్ళం. తెల్లారి అమ్మ తాడు తీసేసేది. ఇద్దరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

1964లో అంతా తిరగబడింది. దుకాణాలు, మిల్లులు ప్రభుత్వం తీసేసుకుంది. మే నెలలో యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. నాన్న పని పోయింది. 1965లో విశాఖపట్నం ఓడ ఎక్కాం. రేవులో తనిఖీవాళ్ళు అమ్మ చెవి కమ్మలు తీయించడం నాకు గుర్తుంది. మిషను తెచ్చుకోనివ్వరని పక్కింటి ‘అడో’కి ఇచ్చేసింది. అడో అంటే అత్త. “మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుందువు గాని” అందావిడ. అమ్మ చనిపోయేదాకా ఆ మిషను గురించే చెప్పేది. “ఒగ్గీసి వచ్చీసేను గదే గుంటా” అనేది. కమ్మల మాట ఎప్పుడూ అనలేదు.

కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో దిగాం. మా కుటుంబం కార్డు మీద నాన్న పేరు, దాని కింద ‘భార్య’ అని ఉండేది. అమ్మ ఇంట్లో తమెయిన్ కట్టుకుంటే చుట్టుపక్కల ఊరివాళ్ళు లుంగీ కట్టిన ఆడది అని నవ్వేవారు. కొన్నాళ్ళు ఇక్కడ కూడా తాడు పనిచేసింది. తర్వాత నాన్న సారా దుకాణం దగ్గర ఎవరితోనో ఈ సంగతి చెప్పుకున్నట్టున్నాడు. వాళ్ళు ఎగతాళి చేసి ఉంటారు. ఆ రాత్రి వచ్చి, గుమ్మంలో ఒక్క నిమిషం ఆగి, తల వంచకుండా తమెయిన్ కింద నుంచి లోపలికి వచ్చేశాడు. వచ్చి అమ్మని కొట్టాడు. ఆ తర్వాత అమ్మ గుమ్మానికి ఎప్పుడూ తాడు కట్టలేదు. దేశం పోవడం అంటే పెద్దవాళ్ళు ఏమనుకుంటారో గాని, నాకు అది ఆ రాత్రే అర్థమైంది.

సరే, ప్రయాణం సంగతి. కలకత్తా దాకా రైలు, అక్కణ్ణించి విమానం. ఎవరి సంచి వాళ్ళే మోయాలి, ఎవరి బట్టలు వాళ్ళే సర్దుకోవాలి, ఉతుక్కోవాలి అని నేను ముందే షరతు పెట్టాను. స్టీల్ ప్లాంట్‌లో ముప్ఫై ఏళ్ళు పైగా పనిచేసి రిటైరైన మనిషి, తన బనియన్లు ఏ అరలో ఉంటాయో నన్ను అడిగి తెలుసుకున్నారు.

రంగూన్లో రెండో రోజే ఒక తమాషా మొదలైంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో దారి ఆయనకే తెలుసు, బేరం ఆయనే ఆడతారు, నేను వెనక నడుస్తాను. ఇక్కడ ఆయనకి ఒక్క ముక్క రాదు. నాకేమో మాటలు ఒక్కొక్కటే ఊరుతున్నాయి. ఊరంతా చుట్టి వచ్చే లోకల్ రైల్లో దాదాపు మూడు గంటలు కూర్చున్నాం. బుగ్గలకి తనఖా గంధం పూసుకున్న ఆడవాళ్ళు గంపలతో ఎక్కుతున్నారు, దిగుతున్నారు. నేను వాళ్ళతో మాట్లాడుతుంటే “ఏమంటోంది? ఏమంటోంది?” అని ఆయన నా మోచెయ్యి లాగుతున్నారు. ఆ ప్రశ్న నేను ఎన్నిసార్లు అడిగి ఉంటానో, ఎన్నిసార్లు ‘ఏం లేదులే’ అనిపించుకున్నానో! నేనూ ఒకటి రెండుసార్లు ఏం లేదులే అన్నాను. అబద్ధం ఎందుకు, బాగానే ఉంది.

బసలో రిజిస్టరు రాసే అమ్మాయి మా పాస్‌పోర్టులు చూసి, ఇద్దరి పేర్లలోనూ ఈ ఒకే మాట ఏమిటి అని అడిగింది. బర్మా వాళ్ళకి ఇంటిపేర్లు ఉండవు. పెళ్ళయినా ఆడమనిషి పేరు మారదు. ఆయన వాళ్ళ ఇంటి పేరమ్మా అని చెబుదామనుకుంటే నా తొమ్మిదేళ్ళ భాషలో ఆ మాట దొరకలేదు. “ఆయన ఇల్లు” అన్నాను. “మరి మీ ఇల్లు?” అంది. అది చూడ్డానికే వచ్చాను అన్నాను.

పజండాంగ్‌లో మా ఇల్లు లేదు. ఉండదని తెలుసు. మిల్లు షెడ్లూ లేవు. మేమున్న చోటు ఇదే అయి ఉండాలని నేననుకున్న దగ్గర నాలుగంతస్తుల మేడ ఉంది. “చూశాం కదా, ఇక పగాన్ వెళ్దాం” అన్నారాయన. “మీరు వెళ్ళండి” అన్నాను. వెళ్ళలేదు. పాపం, వెళ్ళలేరు కూడా. టీ కొట్లో చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చున్నాం. మొహింగా తెప్పించాను. అరటి దవ్వ వేసిన చేపల పులుసులో సన్న సేమ్యా, క్యాంపులో ఆదివారం పొద్దున్న అమ్మ చేసేదే.

కొట్టు నడిపే ఆవిడది నా వయసే. కాళ్ళ మిషను, పక్కింటి అడో అని ఏదేదో చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, తెలియదంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నేను నన్ను ‘తమీ’ అనుకుంటున్నానట. తమీ అంటే కూతురు. చిన్నపిల్లలు పెద్దవాళ్ళ దగ్గర ‘నేను’ అనడానికి బదులు అలా అంటారు. అరవై రెండేళ్ళ మనిషివి ‘చమా’ అనాలి అంది. “ఇక్కడ నీకు అమ్మ ఎవరున్నారు, తమీ అనడానికి?” అని నవ్వుతూనే అంది. నేను తల వంచుకుని గిన్నెలో పులుసు తాగాను. ఆయన ఆ ఒక్కసారి “ఏమంటోంది” అని అడగలేదు.

బయటికి వచ్చాం. సందులో కిందుగా కట్టిన దండెం మీద నాలుగు తమెయిన్లు ఆరుతున్నాయి. ఆయన వంగి వాటి కిందుగా నడిచి వెళ్ళిపోయారు. టీ కొట్టు ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ రాత్రి ఆయనకి గుమ్మం, తాడు, కంచరపాలెం మొత్తం చెప్పాను. మా నాన్నంటే ఆయనకి చాలా గౌరవం. “ఇన్నేళ్ళూ చెప్పలేదేం?” అన్నారు, కొంచెం నొచ్చుకుని. “మీరు రంగం గురించి అడిగినప్పుడల్లా ఓడ గురించీ మిల్లు గురించే అడిగారు” అన్నాను.

ఇంటిపేర్లు లేని దేశం కదా అని నేను మరీ మురిసిపోకుండా క్యైక్‌టియో కాపాడింది. కొండ అంచున నిలిచిన బంగారు బండ అది. వానలో, రేకు లారీలో బల్లల మీద ఇరుక్కుని పైకి వెళ్ళాం. బండని ఆడవాళ్ళు తాకకూడదు. మగవాళ్ళు లోపలికి వెళ్ళి బంగారు రేకు అంటిస్తారు. మేం కటకటాల ఇవతల నిలబడ్డాం. ఆయన తడిసి వచ్చి, “నీ తరఫున కూడా అంటించాను” అన్నారు, సంతోషపెడదామనే. ఎవరు అంటించమన్నారు అని అరిచాను. చుట్టూ బర్మా ఆడవాళ్ళు మా పోట్లాట చూసి, భాష రాకపోయినా, నవ్వుకున్నారు.

2021 ఫిబ్రవరి 1న అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. మార్చిలో ఒక పొద్దున్న ఆయన ఫోన్లో ఒక ఫొటో తీసి నా ముందు పెట్టారు, ఏమీ అనకుండా. రంగూన్ వీధులకి అడ్డంగా, ఈ మేడ నుంచి ఆ మేడకి తాళ్ళు కట్టి, ఆడవాళ్ళు వరసగా తమెయిన్లు ఆరేశారు. వాటి కింద నుంచి రావడానికి జంకి సైనికులు, పోలీసులు ముందు వాటిని దించే పనిలో పడ్డారట. ఆ కాసేపట్లో ఎంతమంది పిల్లలు సందుల్లోంచి తప్పించుకుపోయి ఉంటారో. ఆ టీ కొట్టు ఆవిడ ఏమైందో నాకు తెలియదు. ఫొటోలో వీధిని గుర్తుపట్టడానికి చాలాసేపు చూశాను. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

అమ్మ తమెయిన్ ఒకటి నా బీరువాలో ఉంది, ముదురు ఎరుపు, అంచు చిరిగింది. మా అపార్ట్‌మెంట్‌లో రోడ్డు వైపు బాల్కనీలో బట్టలు ఆరేయకూడదని నియమం. దాన్ని తడిపి, పిండి, రోడ్డు వైపే ఆరేశాను. పది నిమిషాల్లో సెక్రటరీగారు ఫోన్ చేశారు. ఆయనే తీశారు. “ఆరాక తీస్తామండీ” అన్నారు. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, సాయంత్రానికి కూడా ఆరలేదు.