రెండో మెట్టు దాకా

ఈమధ్య అమ్మకి రాత్రిళ్ళు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. పట్టనప్పుడు ఏం చేస్తుంటావమ్మా అంటే, “ఏం చేస్తాను, పాత ఇంట్లో ఓసారి తిరిగొస్తుంటాను” అంది ఫోన్లో. వీధి అరుగు ఎక్కి, నడవలోంచి మండువాలోకి వచ్చి, వంటింట్లోకి వెళ్ళి, అక్కణ్ణించి దొడ్డి గుమ్మం దాటి నూతి దగ్గరికి. కళ్ళు మూసుకుని వెళ్ళిపోగలదు. కానీ ఇప్పుడో చిక్కొచ్చి పడిందట.

“వంటింట్లోంచి దొడ్లోకి దిగడానికి మెట్లు రెండా, మూడా? అక్కడికొచ్చేసరికి కాలు ఆగిపోతోందే. నువ్వు ఫోటోలు తీశావుగా, కాస్త చూసి చెప్పు.”

తణుకు దగ్గర మా ఊళ్ళో ఉండే ఆ మండువా లోగిలిని 2011 సంక్రాంతి వెళ్ళాక పడగొట్టారు. దూలాలకి చెదలు పట్టింది, వానొస్తే నాలుగుచోట్ల గిన్నెలు పెట్టాల్సొచ్చేది. తమ్ముడు అదే స్థలంలో డాబా కట్టుకున్నాడు. ఎవర్నీ అనడానికి లేదు. పండక్కి వెళ్ళినప్పుడు నేను ఉన్న మూడ్రోజులూ ఓ చిన్న కెమెరా పట్టుకుని కనిపించిందల్లా తీసుకున్నాను. సింగపూర్ తిరిగొచ్చాక అన్నీ లాప్‌టాప్‌లో వేసి, కెమెరా కార్డు ఖాళీ చేసి, ఓ నాలుగు ఆర్కుట్‌లో పెట్టాను. 2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్ మూతపడింది, ఆ నాలుగూ దాంతోపాటే పోయాయి. మిగిలినవన్నీ ఆ లాప్‌టాప్‌లోనే. ఆ లాప్‌టాప్ బెడోక్ నార్త్‌లో మా ఇంటి స్టోర్ రూమ్‌లో, పాత కుక్కరుకీ దీపావళి ప్రమిదల డబ్బాకీ మధ్య.

“ఎంతసేపమ్మా, రేపు చూసి చెప్తాను” అన్నాను.

మర్నాడు ఛార్జర్ పెట్టి బటన్ నొక్కితే ఫ్యాను తిరిగింది, కంపెనీ బొమ్మ వచ్చింది, తర్వాత నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు: బూట్ చెయ్యడానికి డిస్కు కనబడలేదని. ఆపి మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఆపి మళ్ళీ. ఐదోసారో ఆరోసారో లోపల్నించి టిక్, టిక్, టిక్ అని చప్పుడు మొదలైంది, అచ్చం గోడమీద బల్లిలా. పేపరు చదువుకుంటున్న మా ఆయన తలెత్తకుండానే “సత్యం” అన్నారు. నాకు నవ్వు రాలేదు.

మా అంతస్తులోనే ఉండే చైనీస్ అంకుల్ రిటైరయ్యేదాకా కంప్యూటర్లు బాగుచేసేవారు. సాయంత్రం కింద వాయిడ్ డెక్‌లో కనబడితే సంగతి చెప్పాను. ఆయన మొదట అడిగింది, “ఎన్నిసార్లు ఆన్ చేశావు?” అని. చెప్పాను. పథ్యం తప్పిన రోగిని చూసిన వైద్యుడిలా చూశారు. “ఇంకోసారి చెయ్యకు లా” అన్నారు.

ఆయన చెప్పిందాంట్లో నాకు అర్థమైనది ఇదీ. బూట్ అవడం లేదంటే లోపలున్నవన్నీ పోయాయని కాదు. మంచం మీంచి లేవలేని మనిషికి మాట కూడా పోయిందనుకోం కదా, అలాగే. పాత హార్డ్‌డిస్కుల్లో అద్దంలాంటి పళ్ళాలు తిరుగుతుంటాయి. లాప్‌టాప్‌లలో అయితే మామూలుగా నిమిషానికి 5400 సార్లు. వెంట్రుక మందంలో ఎన్నోవంతు ఎత్తున, పళ్ళేన్ని తాకకుండా, చదివే ముల్లు తేలుతుంటుంది. ఆ ముల్లు చోటు దొరక్క ముందుకీ వెనక్కీ కొట్టుకునే చప్పుడే నేను విన్న బల్లి. అలాంటి డిస్కుని తిప్పిన ప్రతిసారీ ఇంకాస్త పాడయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి మొదటి వైద్యం, ఆపెయ్యడం. దానిమీద కొత్తగా ఏమీ రాయకూడదు. విండోస్ మళ్ళీ ఎక్కించకూడదు. “డిస్కులో తప్పులు సరిచేయనా?” అని అదే అడిగినా ఒప్పుకోకూడదు. ఫ్రీజర్లో పెట్టి చూడమని ఇంటర్నెట్లో ఎవరో ఒకరు చెప్తారు, వినకూడదు.

“టిక్కుమంటోందంటే అసలైతే ల్యాబుకి ఇవ్వాలి” అన్నారాయన. ఒకచోట కనుక్కున్నాను. వాళ్ళు చెప్పిన ధరకి అప్పట్లో ఆ లాప్‌టాప్ రెండొచ్చేవి, పైగా వస్తాయని హామీ లేదు. రెండ్రోజులు ఆలోచించి అంకుల్ తలుపు తట్టాను. “ఒక్కసారే ప్రయత్నిద్దాం. పోతే పోయినట్టే, నన్ను తిట్టకూడదు” అన్నారు. సరేనన్నాను గానీ, అమ్మకి మాత్రం చెప్పలేదు. రోజూ అడిగేది. పనిలో ఉన్నానమ్మా అనేదాన్ని.

శనివారం డౌన్‌టౌన్ లైన్ ఎక్కి జలాన్ బెసార్‌లో దిగి, సిమ్ లిమ్ స్క్వేర్‌కి నడిచి, ఓ యూఎస్‌బీ కేబులూ ఓ పెద్ద కొత్త డిస్కూ కొనుక్కొచ్చాను. మా భోజనాల బల్ల మీద అంకుల్ స్క్రూలు విప్పారు. మూడు వందల ఇరవై జీబీల డిస్కు, పేకదస్తా అంత ఉంది. మా ఇల్లంతా అందులో ఉందా అనిపించింది. కేబుల్ పెట్టి నా కొత్త లాప్‌టాప్‌కి తగిలించగానే తెరమీద ప్రశ్న, “ఈ డిస్కుని ఫార్మాట్ చెయ్యనా?” అని. అలవాటుకొద్దీ నా వేలు ‘అవును’ వైపు వెళ్తుంటే అంకుల్ చెయ్యి పట్టుకున్నారు.

విండోస్ వద్దని, పెన్‌డ్రైవ్‌లోంచి లినక్స్ ఎక్కించారు. డీడీరెస్క్యూ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. దాని పద్ధతి నాకు తెలిసిన పనే అనిపించింది. ముందు కోత, తర్వాత పరిగె. సులువుగా చదవగలిగిన చోట్లన్నీ మొదటి చుట్టులో గబగబా కొత్త డిస్కులోకి ఎత్తిపెడుతుంది, మొరాయించిన చోట దాటేసి, ఎక్కడ దాటిందో రాసుకుంటుంది. తర్వాత వెనక్కొచ్చి ఒక్కొక్క గింజా ఏరుతుంది. మధ్యలో ఆగినా మళ్ళీ మొదట్నించి మొదలెట్టక్కర్లేదు. ఆ రాత్రీ, మర్నాటి రాత్రీ ఆ పని నడిచింది. నేను మధ్యమధ్యలో లేచి వచ్చి బల్లి పలుకుతోందా అని చెవి పెట్టి విన్నాను. అప్పుడప్పుడూ పలికింది.

ఇక పాత డిస్కుతో పని లేదు, అంతా నకలు మీదే. కానీ చదవలేకపోయిన చోట్లలో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికలో చాలా భాగం ఉంది. టెస్ట్‌డిస్క్‌తో చూస్తే ఫోల్డర్లు లేవు, పేర్లు లేవు. అప్పుడు అంకుల్ ఫోటోరెక్ అనే ఇంకో ప్రోగ్రాం నడిపారు. అది పట్టికని అడగదు. మన పాత ఉత్తరాల కట్ట చిందరవందరైపోతే ఏం చేస్తాం? పైన ‘శ్రీరామ’ అని ఎక్కడ కనిపిస్తే అక్కడ ఓ ఉత్తరం మొదలైందనుకుంటాం. ఇదీ అంతే. ప్రతి జేపెగ్ ఫోటో ఒకే రకం బైట్లతో మొదలవుతుంది. ఆ గుర్తు కనిపించిన ప్రతిచోటా అది ఓ ఫోటోని బయటికి తీస్తుంది. ఉత్తరం తాలూకు రెండో కాగితం ఇంకెక్కడో పడి ఉంటే మాత్రం దానికి తెలియదు.

పదకొండు వేల పైచిలుకు బొమ్మలొచ్చాయి. అందులో చాలామటుకు ఎప్పుడో చూసిన వెబ్‌సైట్ల చిన్నచిన్న ముక్కలు. సైజు ప్రకారం పేర్చి చూసుకుంటూ పోతే ఓ చోట ఎర్రటి పెంకుల చూరు కనిపించింది. నేను గట్టిగా ఏదో అన్నాననుకుంటా, మా ఆయన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు.

ఇంటి ఫోటోలు రెండొందల పన్నెండు దొరికాయి. అన్నిటికీ ఎఫ్ అక్షరం, వెనక పొడుగాటి అంకె, అదే పేరు. కెమెరాలో తేదీ నేనెప్పుడూ పెట్టలేదు గనక అన్నీ 2008 జనవరిలో తీసినట్టున్నాయి. వరస తెలియదు. కొన్ని ఏ గదో నాకే తెలియలేదు.

ఆ రాత్రి ఇక్కడ పదిన్నర, అక్కడ ఎనిమిది. అమ్మకి వీడియోలో ఒక్కొక్కటే చూపించాను. అమ్మ పేర్లు చెప్తుంటే నేను టైపు చేసుకున్నాను. ఏదో స్తంభం అనుకుని దాటెయ్యబోయిన ఫోటో దగ్గర “ఆగాగు” అంది. స్తంభానికి నడుం ఎత్తున నున్నటి గాడి ఉంది. మా నాయనమ్మ, ఆవిడ అత్తగారు, తర్వాత అమ్మ, మజ్జిగ చిలికే తాడు అక్కడే కట్టేవారట. ఆ గాడి తాడు తినేసిందేనట. పుట్టి పెరిగిన ఇల్లు, నేనెప్పుడూ గమనించలేదు. అలా నాలుగు రాత్రులు పట్టింది.

దొడ్డి గుమ్మం ఫోటో మూడోరాత్రి వచ్చింది. దొడ్లోంచి వంటింటి వైపు తిరిగి తీసింది. పైన చూరు, కింద ద్వారబంధం, గడపకి పసుపు, కింద ఒక మెట్టు, ఇంకో మెట్టు, ఆ కింద అంతా బూడిదరంగు. రెండో కాగితం దొరకని ఉత్తరం. జేపెగ్ పైనుంచి కిందికి తెరుచుకుంటుంది కాబట్టి పోయిన సగం కిందిదే. ఆ వైపు తీసిన ఫోటో ఇంకోటి లేదు. అన్ని చేసీ అమ్మ అడిగిన ఒక్క ముక్కా దొరకలేదని చెప్పడానికి నోరు రాలేదు.

అమ్మ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. “ఆ రెండోదాని మూల విరిగి ఉంది, కనిపిస్తోందా? అక్కడ కాలు జారి నీ తమ్ముడు పడితే గడ్డం చిట్లింది. పడ్డవాడు మట్టిలో పడలేదు, కింద రాయి మీద పడ్డాడు. అదే మూడోది” అంది. ఇంకాసేపాగి, “తర్వాతది చూపించు” అంది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి లాప్‌టాప్ ఒకటి ఉండే ఉంటుంది. ఈ వారమే తీసి చూడండి. ఇప్పటివాటిలో తిరిగే పళ్ళేలుండవు, ఎస్‌ఎస్‌డీలే. వాటిలో చెరిపేసినవి చాలాసార్లు కాసేపటికే నిజంగా చెరిగిపోతాయి. డిస్కుకి బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల తాళంచెవి లేకుండా అంకుల్ లాంటివాళ్ళూ ఏమీ చెయ్యలేరు. అదెక్కడుందో వెతికి కాగితం మీద రాసి పెట్టుకోండి. నకలు వేరే ఇంట్లో ఉంచండి. 1998లో పిక్సార్ వాళ్ళు ‘టాయ్ స్టోరీ 2’ ఫైళ్ళని పొరపాటున చెరిపేసుకుంటే, వాళ్ళ బ్యాకప్ పనిచెయ్యలేదు. చంటిపిల్లతో ఇంటినుంచి పనిచేస్తున్న ఓ ఉద్యోగిని ఇంట్లో ఉన్న కాపీయే ఆ సినిమాని కాపాడింది.

మాది ఒక నకలు ఇక్కడుంది, ఇంకోటి తమ్ముడికి పంపాను. వాడు చూసి ఫోన్ చేశాడు. గడ్డం చిట్లింది నూతి చప్టా మీద పడ్డప్పుడట, మెట్లు రెండేనట, బాగా గుర్తట. అమ్మ ఒప్పుకోలేదు. నేను ఆ ఫైలుకి ‘దొడ్డి గుమ్మం, అమ్మ లెక్కన మూడు మెట్లు’ అని పేరు పెట్టాను.